పులుపుతో పందెం: అనకాపల్లి రుచుల దారి

చెరకు గడను నరికిన గంట నుంచే దాని తీపి తరగడం మొదలవుతుంది. గడలోని పంచదార మెల్లగా విరిగి, గట్టిపడని చక్కెరలుగా మారిపోతుంది. రోజు దాటిన గడతో వండిన బెల్లం జిగురుగా సాగుతుంది, దిమ్మ నిలబడదు. తాటిగెల నుంచి కుండలోకి దిగే నీరు ఇంకా తొందర మనిషి. చెట్టు మీద ఉండగానే పొంగడం మొదలుపెడుతుంది. నానిన గోధుమల నుంచి పిండిన పాలు తెల్లారేసరికి పుల్లవాసన కడతాయి. బెల్లం, కల్లు, ఆ గోధుమపాలతో చేసే మాడుగుల హల్వా, ఈ మూడింటి వెనకా పనిచేసేది పులుపే. బెల్లం వండే మనిషి దానికి అందకుండా పరుగు తీస్తాడు. కల్లు గీసే మనిషి దాన్ని రానిచ్చి, ఏ వేళకు తాగాలో చెబుతాడు. హల్వా చేసేవాళ్లు కొంతదూరం రానిచ్చి, పొయ్యి మీద ఆపేస్తారు.

అనకాపల్లికి తిండి కోసం, మంచి కల్లు కోసం ప్రయాణం కట్టేవాళ్లకు ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. నాసిక్‌లోనో ఫ్రాన్స్‌లోనో ద్రాక్షతోటల చుట్టూ తిరిగేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. వైన్ సీసాలో ఏళ్ల తరబడి కూర్చుంటుంది, మనం ఏ నెలలో వెళ్లినా రుచి చూడొచ్చు. ఇక్కడ ఏదీ అలా కూర్చోదు. అందుకే హోటల్ గది కన్నా ముందు కాలం చూసుకోవాలి. బెల్లం గానుగలు ఆడేది చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా. తాటికల్లు సంక్రాంతి దాటాక ఊపందుకుంటుంది. రెండూ కలిసొచ్చేది మాఘమాసం అటూ ఇటూ, అంటే జనవరి చివర, ఫిబ్రవరి. నన్నడిగితే ఆ మూడు నాలుగు వారాలు తప్ప మిగతా కాలంలో వెళ్లినవాళ్లు అనకాపల్లిని సగమే చూసినట్టు.

ఊరు చేరడం కష్టమేమీ కాదు. విశాఖపట్నానికి నైరుతిగా ముప్పై అయిదు కిలోమీటర్ల లోపు, చెన్నై–హౌరా రైలుమార్గం మీద, పదహారో నంబరు జాతీయ రహదారిని ఆనుకుని, శారదా నది ఒడ్డున ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. ఊరి పక్కనే శంకరం దగ్గర బొజ్జన్నకొండ బౌద్ధ గుహలున్నాయి, సాయంత్రం అటు వెళ్లొచ్చు. పొద్దున మాత్రం గానుగ దగ్గరికే.

గానుగ అంటే ఇప్పుడు ఎద్దులు తిప్పేది కాదు, మోటారుతో తిరిగే ఇనుప క్రషర్. పొలం గట్టున ఒక పాక, అందులో నేలలోకి దిగిన పొయ్యి, పొయ్యి మీద మనిషి చేతులు బారజాపినా అందనంత వెడల్పు పెనం. రసం పిండగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి పొయ్యిలోకి తోస్తారు. చెరకే చెరకును వండుకుంటుంది, బయటి నుంచి కట్టె కొనే పని దాదాపు ఉండదు. ఆ పిప్పి వేసే మనిషిని తేలిగ్గా చూడకూడదు. మంట మొదట్లో జోరుగా ఉండాలి, ఎందుకంటే ఆలస్యమైన ప్రతి నిమిషం పులుపుకే లాభం. చివర్లో అదే మంట తగ్గాలి, లేకపోతే పాకం అడుగంటి నల్లబడుతుంది. పెనం దగ్గరి మనిషి నోరు తెరిచి అడక్కుండానే ఇతను మంట మార్చుతాడు. ఇద్దరూ చాలా ఏళ్లు కలిసి పనిచేస్తే తప్ప ఆ పొందిక కుదరదు.

పెనంలో పడ్డ పచ్చి రసం కాస్త పుల్లదే. దానికి సున్నపు తేట కలుపుతారు. సున్నం రెండు పనులు చేస్తుంది: పులుపును విరిచేస్తుంది, రసంలోని మురికిని ముద్దకట్టించి పైకి తేలుస్తుంది. సున్నం తక్కువైతే తీపి విరిగిపోయి బెల్లం మెత్తబడుతుంది, ఎక్కువైతే రంగు నల్లబడి నాలుక మీద చేదు తగులుతుంది. ఎంత వేయాలన్నది చెరకు ఏ నేలది, ఏ రకం, ఎప్పుడు నరికింది అన్నదాన్ని బట్టి మారుతుంది. కొలతగిన్నె ఉండదు, మనిషి రసం రంగు చూసి వేస్తాడు. జిగురున్న బెండ మొక్క కాండాన్ని చితక్కొట్టి ఆ నీళ్లు పోసి మురికి తేల్చే పద్ధతి కూడా మన పల్లెల్లో పాతదే. తేలిన మడ్డిని చిల్లుల గరిటెతో తీసేస్తూ ఉంటారు. ఈ దశలో బద్ధకించి వదిలేసిన మడ్డి తర్వాత ఏం చేసినా పోదు, బెల్లంలోనే ఉండిపోతుంది.

ఆ తర్వాత రసం నురగతో పెనం అంచుల దాకా లేస్తుంది. చారెడు ఆముదమో నూనెచుక్కో పడగానే నురగ చప్పున కూర్చుంటుంది. నీళ్లు ఇగిరే కొద్దీ బుడగల తీరు మారుతుంది. మొదట చిన్నవి, తొందరవి. తర్వాత పెద్దవి, బరువైనవి, పగిలేటప్పుడు చప్పుడు చేసేవి. పాకం చూసే మనిషి కళ్లతో ఎంత చూస్తాడో చెవులతో అంత వింటాడు. చెరకు శాస్త్రవేత్తల లెక్క ప్రకారం దిమ్మ బెల్లానికి పాకం దించాల్సిన వేడి 118 నుంచి 120 డిగ్రీలు. రెండు డిగ్రీలు ముందు దించితే బెల్లం చెమ్మగిలి నిలవదు, రెండు డిగ్రీలు దాటితే మాడు రుచి. ఆ రెండు డిగ్రీల సందును ఈ మనిషి థర్మామీటరు లేకుండా పట్టుకుంటాడు. చల్లటి నీళ్లలో కాస్త పాకం వేసి, వేళ్లతో ఉండ చేసి, ఆ ఉండను పళ్లెంకేసి కొడతాడు. ఖంగుమంటే దించెయ్యమని కేక. ఇంతమంది ఇన్ని గంటలు పడ్డ శ్రమ ఆ ఒక్క చప్పుడు మీద ఆధారపడి ఉంటుంది. తెలుగునాట చేతిపనుల్లో ఇంతకన్నా నిక్కచ్చి తీర్పు నేనెరుగను.

దించిన పాకాన్ని వెడల్పాటి తొట్టిలోకి వంచి, తెడ్డుతో తిప్పుతూ చల్లారుస్తారు. తిప్పడంలోనే గుల్లదనం వస్తుంది. ఊరికే వదిలేస్తే రాయిలా గట్టిపడుతుంది, సరిగ్గా తిప్పితే విరిచినప్పుడు లోపల పలుకు మెరుస్తుంది. చివరికి అచ్చుల్లో పోసి దిమ్మ కడతారు. నూరు కిలోల చెరకుకు పది కిలోల బెల్లం, కాస్త అటూ ఇటూగా. మీరు ఆ వేళకు అక్కడుంటే అడిగి ఒక తుంపు తీసుకోండి. వేడి తగ్గీ తగ్గని బెల్లానికి ఉన్న వాసన దుకాణంలో దొరకదు.

ఈ చెరకు వెనక ఒక సంస్థ శ్రమ కూడా ఉంది. అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం 1913లో మొదలైంది. నూరేళ్లు దాటినా ఇప్పటికీ కొత్త చెరకు రకాలు తీస్తోంది. విశ్వామిత్ర అని రైతులు పిలుచుకునే 87 ఎ 298 అక్కడిదే. ఆ అంకెల మధ్య ఉన్న ‘ఎ’ అనకాపల్లికి గుర్తు.

వండిన బెల్లం చేరేది ఊళ్లోని మార్కెట్ యార్డుకు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి, ఒడిశా, బెంగాల్ దాకా సరుకు వెళ్తుంది. పొద్దున వేలం వేళకు వెళ్తే వరుసలుగా పేర్చిన దిమ్మల మధ్య వర్తకులు నడుస్తూ, చూస్తూ, ఒక మూల గిల్లి నోట్లో వేసుకుంటూ ధర కడుతుంటారు. రంగుకే మొదటి మార్కు. పసుపుపచ్చగా మెరిసేది పై రకం, ముదురుది కింది రకం. నాకు నచ్చని విషయం ఇదే. ఆ పసుపు కోసం చాలాచోట్ల పాకంలో హైడ్రోస్ అనే గంధకపు రసాయనం కలుపుతారు. అది వేసిన మెరుపు నిల్వలో నిలవదు, బెల్లం మళ్లీ ముదురుతుంది. మంచి సున్నం, శుభ్రమైన మడ్డితీత, సరైన పాకంతో వచ్చిన గోధుమరంగు దిమ్మలో పనితనం పూర్తిగా కనిపిస్తుంది. కొనేవాళ్లు ఆ రంగును గౌరవించడం మొదలుపెడితే వండేవాళ్లు రసాయనం జోలికి వెళ్లరు. మీరు ఇంటికి కొనేటప్పుడు గోధుమరంగు దిమ్మ అడగండి, రసాయనం వేయలేదని నోటితో చెప్పించుకోండి.

ఆ బెల్లం ఈ ప్రాంతపు వంటలో అణువణువునా ఉంటుంది. సంక్రాంతి అరిసెలూ పాకుండలూ సరే, గుమ్మడికాయ పులుసులో, చింతపండు పడే ప్రతి కూరలో చిన్న ముక్క పడాల్సిందే. బెల్లం ఆవకాయ అన్నంలో కలిపి తిన్నాక ఉత్తరాంధ్ర నాలుక లెక్క బోధపడుతుంది: కారం, పులుపు, తీపి ఒకదాన్నొకటి అణచుకోకుండా పక్కపక్కన నిలబడాలి. ఉగాది ముందు రోజు, కొత్త అమావాస్యనాడు, ఊళ్లో నూకాంబిక అమ్మవారి జాతర మొదలవుతుంది. కాస్త ఆలస్యంగా ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఆ వేళకు వెళ్లినా ఆ ఏటి బెల్లం దొరుకుతుంది.

మధ్యాహ్నం చేపలు కావాలంటే దక్షిణాన సముద్రం వైపు పూడిమడక ఉంది. వలలు ఒడ్డుకొచ్చే వేళ అక్కడివాళ్లనే అడిగి వెళ్లండి. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు, తాజా చేపకు వర్ణన అక్కర్లేదు.

కల్లుకు మాత్రం తెల్లవారుజామునే లేవాలి. పోతుతాడు పూగెలలను ముందు కట్టి, కొన్నాళ్లపాటు మెల్లగా నొక్కుతూ, తడుతూ మెత్తబరుస్తారు. తర్వాత కొన చెక్కితే నీరు దిగుతుంది. రోజుకు రెండుసార్లు చెట్టెక్కి ఆ కొనను మళ్లీ చెక్కాలి. ఇందులో పనితనమంతా కత్తివాదరలోనే ఉంది. పొర మందంగా పోతే గెల నెల తిరక్కుండానే అయిపోతుంది. మరీ పలచగా పోతే మూసుకుపోయిన నాళాలు తెరుచుకోవు, కుండలో చుక్క రాలదు. నడుముకు మోకు, పాదాలకు బంధం, చేతిలో మంగలికత్తి పదును. అంత ఎత్తున గాలికి ఊగే చెట్టు మీద నిలబడి, కాగితం మందం పొరను ఒక్క కదలికలో తీసే చెయ్యి అది.

కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగి తియ్యటి నీరా దిగుతుంది. పూయకపోతే కుండకు అంటిన పాత కల్లులోని ఈస్టు వెంటనే పని మొదలుపెడుతుంది. బెల్లం పెనంలో పులుపును విరిచిన సున్నమే ఇక్కడా కాపలా కాస్తుంది, ఇక్కడ దాన్ని వాడాలా వద్దా అన్నది మనిషి ఇష్టం. సూర్యుడు లేవకముందు దించిన కల్లు తీపిగా, లేత కొబ్బరి వాసనతో ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ నాలుకను చురుక్కుమనిపిస్తుంది. మధ్యాహ్నానికి మత్తు నాలుగైదు శాతానికి చేరుతుంది, అంటే బీరుతో సమానం. మర్నాటికి అది వెనిగర్ దారి పడుతుంది. ఉదయం ఏడింటికి ఒక గ్లాసు, పదకొండింటికి అదే చెట్టు కల్లు ఇంకో గ్లాసు తాగి చూడండి, రెండు వేర్వేరు పానీయాలు. లైసెన్సున్న గీత కార్మికుడి దగ్గర, చెట్టు కిందే తాగాలి. దూరం నుంచి డబ్బాల్లో వచ్చినదాన్ని ముట్టుకోకపోవడం మంచిది. తాగినవాళ్లు బండి నడపకూడదు, ముందే కారు మాట్లాడుకోండి.

ఆ కారు మర్నాడు చోడవరం మీదుగా మాడుగులకు తీసుకెళ్తుంది. కొండల కింద ఉన్న ఈ ఊరి హల్వా 1890 ప్రాంతంలో దంగేటి ధర్మారావు చేతిలో మొదలైందని చెబుతారు. ఇప్పుడు ఊళ్లో ఎన్నో దుకాణాలున్నాయి, పోస్టులో విదేశాలకూ వెళ్తోంది. దీనికి పెట్టుబడి ఓపిక. గోధుమలను రోజుల తరబడి నానబెడతారు. రుబ్బి, వడగట్టి, పాలు తీస్తారు. ఆ పాలు నిలవ ఉంటే చిక్కటి పిండి అడుగుకు దిగి, పైన తేట నిలుస్తుంది. ఈలోగా పాలు కాస్త పులుస్తాయి. గోధుమపిండిని నీళ్లలో కలిపి అప్పటికప్పుడు చేసే హల్వాకూ దీనికీ తేడా ఇక్కడే. ఆ కొద్దిపాటి పులుపు నెయ్యి బరువును కోస్తుంది, తీపికి వెనక ఒక అడుగు లోతిస్తుంది.

కట్టెల పొయ్యి మీద పాకం, గోధుమపాలు కలిశాక గరిటె ఆగకూడదు. పిండి ఉడికి జిగటగా మారుతుంటే గరిటె తిప్పడానికి భుజాల బలం కావాలి. నెయ్యిని ఒక్కసారి పొయ్యరు, ముద్ద పీల్చుకునే కొద్దీ పోస్తారు. చివరికి పీల్చుకున్న నెయ్యినే ముద్ద బయటికి వదలడం మొదలుపెడుతుంది, బాణలి అంచు వదిలేసి గరిటె వెంట తిరుగుతుంది. దించాల్సిన గుర్తు అది. జీడిపప్పు, బాదం పైన పడతాయి, కానీ వాటిని చూసి కొనకండి. చిన్న ముక్క వేళ్ల మధ్య నొక్కండి. సాగి, మళ్లీ తన ఆకారానికి రావాలి. పళ్లకు అంటుకోకూడదు. మింగాక నోట్లో నెయ్యి పూత కాకుండా గోధుమ రుచి మిగలాలి. ఈ మూడూ కుదిరిన దుకాణం దొరికేదాకా రెండు మూడు చోట్ల రుచి చూడటంలో తప్పు లేదు, అమ్మేవాళ్లే ఆకులో పెట్టి ఇస్తారు.

ఇంకో రోజు చేతిలో ఉంటే మాడుగుల నుంచి ఘాట్ రోడ్డు పాడేరు వైపు ఎక్కుతుంది. అక్కడ తాడికి బదులు జీలుగు చెట్టు. గిరిజనులు వెదురు బొంగు ఆనించి ఎక్కి గీస్తారు. దాని గెల తాటిగెల కన్నా ఎన్నో రెట్లు పెద్దది, నీరూ ధారాళంగా దిగుతుంది. జీలుగు కల్లు తాటికల్లు కన్నా చిక్కగా, మెత్తగా ఉంటుంది. అక్కడా తెల్లవారకముందే వెళ్లాలి. గీసే మనిషిని ముందు రోజే కలిసి మాట్లాడుకోవాలి, చెప్పిన ధర బేరం లేకుండా ఇవ్వాలి.