గోడో ఎవరు బాబాయ్?

"గోడో అంటే ఎవరు బాబాయ్? పదిహేను మార్కులకి రాయాలి."

మా అన్నయ్య కూతురు హాస్టల్ నుంచి ఫోను. ఎంఏ ఇంగ్లీషు. సోమవారం డ్రామా పేపరు. 'వెయిటింగ్ ఫర్ గోడో' మొదటి నుంచి చివరిదాకా చదివిందట. రోడ్డు పక్క చెట్టు దగ్గర ఇద్దరు దిమ్మరులు ఎవరికోసమో ఎదురుచూస్తారు. ఆయన రాడు. ఒక కుర్రాడొచ్చి, రేపొస్తాడని చెప్పి పోతాడు. రెండో అంకంలోనూ అదే తంతు. కథ ఎక్కడుందో తెలీక పుస్తకం మూసేసి గైడు తెరిచింది. అందులో అన్నీ తేల్చేశారు. గోడో దేవుడు, చెట్టు శిలువ, పోజో పెట్టుబడిదారు, వాడు మెడకి తాడుకట్టి తోలే లక్కీ కార్మికుడు. కింద చుక్కలు పెట్టి 'వెరీ ఇంపార్టెంట్'.

నాకు ఒళ్లు మండింది. ఈ కాలమ్ పాతకాపులకి ఎందుకో చెప్పక్కర్లేదు. నాటకం చూడాల్సిందే గాని చదివేది కాదని, తెర లేవకముందు ఎవరూ మైకు పట్టుకుని దాని భావం వివరించకూడదని నేను అరిగిపోయేదాకా రాశాను. పరిషత్తు పోటీల్లో అధ్యక్షులవారు శాలువా సర్దుకుంటూ కథంతా, చివరి మలుపుతో సహా, విప్పి చెప్పేస్తుంటే ముందు వరసలో కూర్చుని పళ్లు నూరుకున్నవాణ్ని.

అందుకే పిల్లకి శాన్ క్వెంటిన్ కథ ఎత్తుకున్నాను. 1961లో మార్టిన్ ఎస్లిన్ ఈ రకం నాటకాలన్నిటికీ 'థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్' అని పేరు పెట్టి రాసిన పుస్తకం మొదలయ్యేది దీనితోనే. కాలిఫోర్నియాలో పెద్ద జైలది. 1913లో సారా బెర్న్‌హార్ట్ వచ్చి ఆడాక అక్కడ మళ్లీ నాటకమన్నది పడలేదు. 1957 నవంబరు 19న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి యాక్టర్స్ వర్క్‌షాప్ వాళ్లు గోడోని తీసుకెళ్లారు. దీన్నే ఎంచుకోవడానికి ఒక కారణం, ఇందులో ఆడపాత్ర లేకపోవడం! జైలు భోజనశాలలో పధ్నాలుగు వందల మంది ఖైదీలు. పారిస్, లండన్ మేధావులే తలలు పట్టుకున్న నాటకం వీళ్ల ముందు ఏమౌతుందోనని నటులకి గుండెల్లో రాయి. తీరా చూస్తే ఖైదీలు కదలకుండా కూర్చున్నారు. ఎదురుచూడటమంటే ఏమిటో వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. రిక్ క్లూచీ అని ఒక యావజ్జీవ ఖైదీని ఆ రాత్రి హాల్లోకి రానివ్వలేదు. సెల్లోనే ఉండి లౌడ్‌స్పీకర్లో విన్నాడు. ఆ తర్వాత జైల్లోనే నాటక బృందం పుట్టింది. అతను బయటికొచ్చాక, 1977లో బెర్లిన్‌లో, గోడో రాసిన బెకెట్ తానే డైరెక్టు చేసి అతనితో తన 'క్రాప్స్ లాస్ట్ టేప్' నాటకం ఆడించాడు.

"చూశావా? వాళ్ల దగ్గర ఏ గైడుంది?" అన్నాను గెలిచినట్టు.

"ముందు వాళ్లకెవరూ ఏమీ చెప్పలేదా బాబాయ్?"

చెప్పారు. దర్శకుడు హెర్బర్ట్ బ్లావ్ తెర ముందుకొచ్చి, దీన్ని జాజ్ సంగీతంలా వినండి, మీకేది దొరికితే అది తీసుకోండి అన్నాడు. ఆ మాటా ఎస్లిన్ రాసిందే.

"అంటే ఆయనే వాళ్ల గైడు. ఆ క్లూచీ చూడనే లేదు, విన్నాడు. మరి నీ రెండు రూల్సూ?"

ఎంఏ పిల్లలు ఇలా తయారౌతారని తెలిస్తే కథ చెప్పకపోదును. పైగా దాని వాదనకి బలమిచ్చేది ఇంకోటుంది, దానికి నేను చెప్పలేదు. 1956 జనవరిలో మయామీలో ఇదే నాటకాన్ని కడుపుబ్బ నవ్వించే సరుకని ప్రకటనలిచ్చి ఆడించారు. ఇంటర్వెల్‌కే చాలామంది లేచిపోయారు. ముందు ఏం చెప్పి కూర్చోబెట్టారన్నదాన్ని బట్టి కూడా నాటకం నడుస్తుందన్నమాట. అధ్యక్షులవారిని ఇకమీద కొంచెం ఓర్చుకోవాలేమో. కొంచెమే.

ఇక చదవడం సంగతి. గిరీశం, మధురవాణి మనకి ఇంటిమనుషులు. కన్యాశుల్కాన్ని ఒక్క మాటా వదలకుండా స్టేజీ మీద చూసినవాళ్లెందరు? చాలామందిమి పుస్తకంలోనే కదా వాళ్లతో చుట్టరికం కలుపుకున్నది.

అందుకని ఫోన్లోనే చదివాం, పైకి. అది ఎస్ట్రగాన్, నేను వ్లదిమీర్. బూటు ఊడిరాదని ఒకడి గోల, ఒంటేలు బాధ ఒకడిది. ఆకలేస్తోందంటే క్యారెట్ అని ముల్లంగిలాంటి దుంప తీసిస్తాడు. రెండు పేజీలయ్యాయో లేదో అటునుంచి పకపకా నవ్వు.

"ఆదివారం నాన్నా నువ్వూ మాట్లాడుకునేది అచ్చం ఇంతే బాబాయ్. మోకాలు, బీపీ బిళ్ల, ఏం తిన్నావ్. గంట మాట్లాడతారు, ఏం మాట్లాడారంటే ఇద్దరూ చెప్పలేరు."

నేను పేజీ తిప్పాను.

"సరే, ఇంతకీ పరీక్షలో ఏం రాయను?"

"ముందు గైడులోది రాయి. దేవుడు, శిలువ, పెట్టుబడి, ఏదీ వదలకు. ఆ తర్వాత, గోడో ఎవరో తెలిసుంటే నాటకంలోనే చెప్పేవాణ్నని బెకెట్ అన్నాడని రాసి, కింద గీత గీయి."

"రెండూ ఒకదానికొకటి పడవు కదా?"

"పడవు. పేపరు దిద్దే ఆయనా ఆ గైడు చదివే పాసై ఉంటాడు. ఆయనకి మొదటి పేజీ, నీకు రెండో పేజీ."