ఎన్ని దరఖాస్తులు పెట్టాలి: మూడు ఫారాలు, మూడు లెక్కలు

దరఖాస్తు ఫారాన్ని కూడా ఒక రచనలాగా చదవవచ్చు. నింపేవాడి దగ్గర ఎంత డబ్బు, ఎంత తీరిక ఉందని అది అనుకుంటోందో, ఏది అడిగిందో, ఏది అడగకుండా వదిలేసిందో చూస్తే దాని మనసు తెలిసిపోతుంది. ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) చదవాలనుకునే మన పిల్లల ముందు ఇవాళ ముఖ్యంగా మూడు ఫారాలున్నాయి. ఒకటి మన జాతీయ సంస్థల ఉమ్మడి ప్రవేశ పరీక్షది, రెండోది బ్రిటన్ ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ యూకాస్‌ది, మూడోది అమెరికాలో ఓటీ ప్రోగ్రాములకు అలాంటిదే అయిన ఓటీకాస్‌ది. ఎన్నింటికి పెట్టాలన్న ప్రశ్నకు ఈ మూడూ మూడు జవాబులు చెబుతాయి. గోదావరి ఒడ్డున పట్టిసీమ, పోలవరం, తాళ్లపూడి వైపు పిల్లలు అడిగేదీ ఆ ప్రశ్నే. వాళ్లకు దొరికే జవాబు మాత్రం ఈ మూడింటి నుంచీ రావడం లేదు, ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్ల అలవాటు నుంచి వస్తోంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఆ అలవాటు తప్పని నేననను. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో, 2021 నుంచి ఈఏపీసెట్ అంటున్న దాంట్లో, ఆప్షన్లు ఎన్ని పెడితే అంత మేలు. ర్యాంకు వరసలో మన వంతు వచ్చేసరికి మన జాబితాను పైనుంచి చూసుకుంటూ వచ్చి, సీటు మిగిలి ఉన్న మొదటి కాలేజీ ఇస్తారు. కింద ఇంకో యాభై చేర్చినా పైనున్న వాటికి వచ్చే నష్టమేమీ లేదు. వరస మాత్రం మనసులో ఉన్నట్టే పెట్టాలి. ఇలాంటి పద్ధతుల మీద 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ ఒక చిన్న గణిత వ్యాసం రాశారు. ఆ దారిలో సాగిన పరిశోధనకే 2012లో షాప్లీకి, ఆల్విన్ రోత్‌కి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అభ్యర్థి ఎత్తులు వెయ్యక్కర్లేకుండా తన ఇష్టాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకోగలగడం మంచి పద్ధతి లక్షణమని వాళ్ల పని చూపించింది. మన కౌన్సెలింగ్‌లో ఆ గుణం చాలావరకు ఉంది. కొవ్వూరు నెట్ సెంటర్‌లో కూర్చుని వంద కాలేజీలు నొక్కే కుర్రాడు తెలివైన పనే చేస్తున్నాడు.

జాతీయ సంస్థల ఫారం ఈ కుటుంబానికి చెందినదే. కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద సంస్థ, కోల్‌కతాలోని ఎన్ఐఎల్‌డీ, చెన్నై దగ్గర ముట్టుకాడులోని ఎన్ఐఈపీఎండీ — ఓటీ డిగ్రీ అయిన బీఓటీకి వీటిలో చేరడానికి ఒకే ఉమ్మడి పరీక్ష రాస్తే చాలు. మ్యాపు తీసి చూడండి. మూడు ఊళ్లూ మనకు హౌరా–చెన్నై రైలు మార్గం మీదనే తగులుతాయి. రాజమండ్రిలో ఎక్కి పైకి పోతే కటక్, హౌరా. కిందికి పోతే చెన్నై. రైలు మారే పని లేదు. పట్టిసీమ నుంచి బస్సులో కొవ్వూరు దాకా వచ్చి, గోదావరి దాటి, రాజమండ్రి స్టేషన్‌లో దిగే పిల్లకు ఇది చిన్న సౌకర్యం కాదు. ఈ ఫారం ఆ అమ్మాయి కథేమిటని అడగదు, ఈ వృత్తే ఎందుకని అడగదు. అది లోపమే. కానీ కథ చెప్పడం నేర్పించే కన్సల్టెన్సీకి కట్టడానికి ఆ ఇంట్లో డబ్బు లేకపోతే, ఆ లోపమే రక్షణ కూడా.

బీఓటీ తర్వాతి పీజీ అయిన ఎంఓటీ దగ్గరికి వచ్చేసరికి ఈ సుఖం పలచబడుతుంది. మణిపాల్, ఎస్‌ఆర్‌ఎం, కోయంబత్తూరు కేఎంసీహెచ్, ముంబై కేఈఎం — ఎవరి దారి వారిది, ఎవరి తేదీలు వారివి. మన దేశంలో ఈ చదువు మొదలైందే కేఈఎంలో, 1950లో కమలా నింబ్కర్ చేతుల మీద. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య పుట్టినప్పుడు దాని పది వ్యవస్థాపక దేశాల్లో భారత్ ఒకటి. ఇంత పాత చరిత్ర ఉన్నా గోదావరి జిల్లాల్లో ఫిజియోథెరపీ అంటే తెలిసినట్టు ఈ పేరు తెలియదు. ఎంఓటీకి మూడు చోట్ల పెట్టుకుంటే చాలని నా అభిప్రాయం. నాలుగోది పెట్టేలోపు, ఆ ఆస్పత్రిలో ఏ విభాగం బలంగా ఉందో, పిల్లల థెరపీయో, నరాల జబ్బులో, చేతి గాయాలో, అక్కడ చదువుతున్న సీనియర్‌ను ఒకరిని అడిగి తెలుసుకోవడం ఎక్కువ పనికొస్తుంది.

బ్రిటన్ ఫారం స్వభావమే వేరు. అక్కడ ఓటీ డిగ్రీకి యూకాస్ ద్వారా దరఖాస్తు పెడితే ఐదు ఎంపికలు, అంతకు మించి లేవు. లండన్‌లో కోటీశ్వరుడి కూతురికీ ఐదే, మన ఊరి పిల్లకీ ఐదే. ఐదింటికీ రాసే ఆత్మ పరిచయం ఒక్కటే, 4,000 అక్షరాల్లో. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. మిగతా నాలుగు ఎక్కడెక్కడ పెట్టామో ఏ విశ్వవిద్యాలయానికీ కనిపించదు. డిగ్రీ అయ్యాక చేసే ప్రీ-రిజిస్ట్రేషన్ ఎంఎస్సీకి చాలా విశ్వవిద్యాలయాలు నేరుగానే తీసుకుంటాయి కాబట్టి అక్కడ ఈ ఐదు నియమం మనల్ని కట్టెయ్యదు. అయినా మూడు ఫారాల్లో దీని మీదే నాకు గౌరవం ఎక్కువ. పరిమితి పెట్టడం వల్ల ఇది అభ్యర్థి చేత ముందుగా ఆలోచింపజేస్తుంది. డబ్బున్నవాడు ఇరవై చోట్ల పెట్టి, లేనివాడు రెండు చోట్ల ఆగిపోయే అన్యాయాన్ని మొదట్లోనే ఆపేస్తుంది. దీని లోటు కూడా చెప్పాలి. ఒకే వ్యాసం ఐదుగురికీ పనికిరావాలి కాబట్టి మీ బడే ఎందుకో ఎవరికీ విడిగా చెప్పలేం.

అమెరికాలో ఆ విడి మాటను చాలా విశ్వవిద్యాలయాలు కోరి అడుగుతాయి, ఓటీకాస్ ప్రతి దరఖాస్తుకూ ధర కూడా కడుతుంది. మొదటి దరఖాస్తుకు సుమారు 150 డాలర్లు, ఆపైన ప్రతిదానికి అందులో సుమారు సగం. చాలా విశ్వవిద్యాలయాలు దీనికి తోడు సొంత రుసుము, సొంత ప్రశ్నలు పెడతాయి. మన మార్కుల జాబితాలను అమెరికా లెక్కలోకి మార్చి చూపించే ధ్రువీకరణకు మళ్లీ ఖర్చు. పది చోట్ల పెడితే ఓటీకాస్‌కే 800 డాలర్ల పైమాట, రూపాయల్లో 70 వేల చిల్లర. రెండెకరాల కౌలు రైతు ఇంట్లో ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఈ ఫారానికి పట్టదు. పరిమితి లేకపోవడం పైకి స్వేచ్ఛలా కనిపిస్తుంది. ఆచరణలో అది పర్సు పెట్టే పరిమితే.

సరిగ్గా ఇక్కడే వెబ్ ఆప్షన్ల అలవాటు మన పిల్లల్ని దెబ్బతీస్తోంది. "పది కొట్టండమ్మా, ఒకటైనా రాకపోతుందా" అంటారు సలహాదారులు. తండ్రులకు కూడా ఆ మాట ధైర్యంగానే వినిపిస్తుంది. ఈ లెక్క నిజం కావాలంటే పది చోట్లా పది వేరువేరు నిర్ణయాలు జరగాలి. జరిగేది అది కాదు. శరీరధర్మశాస్త్రం, గణాంకశాస్త్రం, బాల్యం నుంచి వృద్ధాప్యం దాకా మనిషి ఎదుగుదల గురించిన మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం ముందే చదివి ఉండాలని ఎన్నో ప్రోగ్రాములు అడుగుతాయి. కొన్ని అవి ఇన్నేళ్ల లోపు చదివినవే కావాలంటాయి. బీఎస్సీ చేసిన అమ్మాయికి గణాంకశాస్త్రం లేకపోతే ఆ లోటు పది ఫారాల్లోనూ అదే. ఓటీని దగ్గర నుంచి చూసిన గంటలు లేకపోతే అదీ పది చోట్లా లేనట్టే. ఒక్క కారణం పదింటినీ ఒకేసారి కొట్టేస్తుంది. ఒకే నంబరు మీద పది లాటరీ టిక్కెట్లు కొన్నట్టుంటుంది ఈ పని.

కాబట్టి జాబితా పెంచే ముందు తగ్గించే పని ఉంది, అది కాగితం మీద ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. విదేశీ డిగ్రీని అసలు ఒప్పుకుంటారా? లేని కోర్సును ఆన్‌లైన్‌లో చేస్తే చెల్లుతుందా? ప్రోగ్రాముకు అమెరికాలో ఓటీ చదువులను గుర్తించే సంస్థ ఏకోట్ గుర్తింపు ఉందా? వృత్తిలోకి తీసుకెళ్లే ప్రోగ్రామా, ఇప్పటికే థెరపిస్టులైన వాళ్ల పైచదువా? ఈ చివరి ప్రశ్న దగ్గర మన బీఓటీ పిల్లలు ఎంతమంది తడబడుతున్నారో చూస్తే బాధేస్తుంది. రెండూ ఒకే విశ్వవిద్యాలయంలో, దగ్గరదగ్గర పేర్లతో ఉంటాయి. గుర్తింపు, అర్హత పరీక్షకు దారి మాత్రం వేరు. రెండు రకాలూ కలిపి పది పెట్టారంటే తమకేం కావాలో ఇంకా తేల్చుకోలేదన్నమాట. మాస్టర్సా, డాక్టరేటా అన్న తికమక కూడా ఇలాంటిదే. 2027 నాటికి డాక్టరేటే తప్పనిసరి చేస్తామని ఏకోట్ 2017లో ప్రకటించింది. తర్వాత దాన్ని పక్కన పెట్టి, 2019లో రెండు స్థాయులూ ఉంటాయని తేల్చింది. రెండింటి తర్వాతా రాసే అర్హత పరీక్ష ఒకటే, రెండింటికీ 24 వారాల పూర్తికాల క్లినికల్ శిక్షణ ఉంది. డాక్టరేట్‌కు ఆపైన క్యాప్‌స్టోన్ అనే 14 వారాల చివరి ప్రాజెక్టు, దాని ఖర్చు. అప్పు తెచ్చి చదివే ఇంటికి మాస్టర్సే సరిపోతుందని నేను గట్టిగానే అంటాను.

చూసిన గంటల విషయం దగ్గర కాస్త ఆగాలి. ఓటీకాస్ ఫారంలో నాకు నచ్చిన భాగం ఇదే, మన పిల్లలు ఎక్కువగా భయపడేదీ ఇదే. కోవిడ్ తర్వాత కొన్ని చోట్ల సడలించారు కానీ, ఒక థెరపిస్టు పక్కన నిలబడి పని చూశావా అన్న ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. పట్టిసీమలో కూర్చుని దీనికి జవాబు వెతికితే చాలా దొరుకుతుంది. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన మనిషికి ఎడం చేత్తో అన్నం తినమని చెప్పడం మన ఇళ్లలో ఎంత కష్టమో ఆలోచించండి. చెంచా ఇస్తే సరిపోయే సమస్య కాదది. పదిమంది కూర్చున్న పంక్తిలో ఆయన ఎడం చెయ్యి ఎత్తగలగాలి. రేవులో లాంచీ ఎక్కడానికి పలక మీద అడుగు వెయ్యగలడా, శివరాత్రికి వీరభద్రస్వామి కొండ మెట్లెక్కగలడా, పంచె తనంతట తాను కట్టుకోగలడా — థెరపిస్టు అడగాల్సిన ప్రశ్నలివి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రానికి వచ్చే పిల్లాడు పలక పట్టుకోలేకపోవడం కూడా అంతే. పోలవరం ముంపు గ్రామాల నుంచి పునరావాస కాలనీలకు వచ్చిన ముసలివాళ్లకు కాళ్లూ చేతులూ బాగానే ఉన్నా, రోజంతా చెయ్యడానికి అలవాటైన పని లేకుండా పోయింది. ఆ పోగొట్టుకున్న పని ఆరోగ్యానికి సంబంధించినదేనని చెప్పే శాస్త్రమే ఇది. ఏ అమెరికన్ ప్రోగ్రామైనా ఇలాంటి వ్యాసం చదవాలని కోరుకుంటుంది. కానీ ఇది రాయడానికి చూడాలి, చూడటానికి సెలవుల్లో వారాలు కావాలి. పది ఫారాలు నింపే హడావిడిలో తెగిపోయేవి ఆ వారాలే.

సిఫార్సు లేఖల లెక్కా ఇందులో కలపాలి. ఓటీకాస్‌లో లేఖ ఒకసారి ఎక్కిస్తే దరఖాస్తులన్నిటికీ చేరుతుంది. బయట విడిగా పెట్టే ప్రోగ్రాములకు మళ్లీ వెళ్లి అడగాలి. రాజమండ్రి కాలేజీలో లెక్చరర్ గారి గుమ్మం దగ్గర "మేడమ్, ఇంకొకటి" అంటూ ఎన్నిసార్లు నిలబడగలదు ఆ పిల్ల? ఎన్నోసారికి ఆ లేఖలో మాటలు చప్పబడిపోతాయి.

ఇన్ని చెప్పి అంకె చెప్పకుండా తప్పుకోవడం న్యాయం కాదు. అమెరికాకైతే ఐదు దాటవద్దు. బ్రిటన్ నియమం అక్కడ వర్తించకపోయినా, దాన్ని మనమే మన మీద పెట్టుకుంటే మంచిది. ఈ ఐదింటినీ కలల బడి, మధ్య బడి, ఖాయం బడి అని విభజించే పద్ధతి నాకు నచ్చదు. ఖాయం అనుకున్న చోట చేరాలనే లేకపోతే అక్కడ పెట్టిన డబ్బు వృథా. సీటొస్తే అక్కడికి నిజంగా వెళ్తావా అన్న ప్రశ్నకు ఔనని చెప్పగలిగినవే ఐదులో ఉండాలి. ఈ ప్రశ్నకు వీసా లెక్క కూడా తోడవుతుంది. కంప్యూటర్ ఎంఎస్ చేసిన అన్నయ్యకు చదువయ్యాక 36 నెలలు పని చేసుకునే వీలుంది. ఓటీ ఆ వీలిచ్చే స్టెమ్ కోర్సుల జాబితాలో లేదు, 12 నెలలే. అందులోనే అర్హత పరీక్ష, రాష్ట్ర లైసెన్సు. గ్రీన్‌కార్డుకు నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు ఉన్న షెడ్యూల్-ఏ వెసులుబాటు కూడా ఓటీలకు లేదు. అందువల్ల పెద్ద పేరున్న ఖరీదైన ప్రైవేటు విశ్వవిద్యాలయం కన్నా, ఫీజు తక్కువున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం, దాని చుట్టూ క్లినికల్ శిక్షణకు ఆస్పత్రులున్న ఊరు ఈ ఐదులో ముందుండాలి.

ఐదూ కాదంటే ఏం చెయ్యాలని భయపడే తల్లిదండ్రులున్నారు, వాళ్ల భయం నిజమైనదే. ఏడాది పోతుంది, చుట్టాల ముందు తలెత్తుకోలేమనిపిస్తుంది. కానీ ఐదూ కాదన్నాయంటే చాలాసార్లు కారణం ఫారంలోనే కనిపిస్తుంది. లేని కోర్సు, తక్కువైన గంటలు, ఎవరికైనా సరిపోయే వ్యాసం. ఆ ఏడాదిలో అవి సరిదిద్దుకోవచ్చు. పది పెట్టి పదీ పోగొట్టుకున్న పిల్లకు ఆ కారణం వెతికే ఓపిక గానీ, మళ్లీ ఫీజు కట్టే డబ్బు గానీ మిగలదు.

ఎక్కువ సీట్లు వచ్చినా ఇబ్బందే. ఓటీ ప్రోగ్రాముల్లో చాలావాటికి దరఖాస్తులు వచ్చిన వరసలోనే నిర్ణయాలు జరుగుతాయి. సీటిచ్చాక కొద్ది వారాల్లో డిపాజిట్ కట్టమంటారు, ఆ డబ్బు సాధారణంగా తిరిగి రాదు. ఒకచోట కట్టి, ఇంకోచోట నుంచి మంచి కబురు వస్తే మళ్లీ కట్టి, బ్యాంకు నిల్వ పత్రాలు మళ్లీ తీయించి, వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం కోసం మళ్లీ ఎదురుచూడాలి. అందుకే ఐదింటిలో ఏది ముందు, ఏది వెనక అన్న వరస సీట్లు వచ్చాక కాదు, మొదటి ఫీజు కట్టక ముందే ఇంట్లో అందరూ కూర్చుని రాసుకోవాలి.