ప్రతివాది ఎక్కడ?

మా అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఒక అమ్మాయి ఉంటుంది. ఉద్యోగానికని ఈ ఊరొచ్చి, మరో ఇద్దరితో కలిసి ఫ్లాటు అద్దెకి తీసుకుంది. కిందటి ఏడాది వానాకాలంలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి భోజనం ఆర్డర్ చేసింది. తెచ్చినతను కవరు అందిస్తూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మీద చేతులేసి లోపలికి నెట్టబోయాడు. ఎదుటి ఫ్లాటు తలుపు చప్పుడవటంతో వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నిమిషం కూడా పట్టి ఉండదు. ఆ తర్వాత రెండు నెలలపాటు ఆ అమ్మాయి రాత్రి మూడేసిసార్లు లేచి గొళ్ళెం చూసుకునేది. ఆమె పేరు, ఇల్లు, ఏ వేళకి ఇంట్లో ఉంటుందో అన్నీ అతనికి తెలుసు మరి.

కంపెనీకి ఫిర్యాదు చేసింది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, సదరు 'డెలివరీ భాగస్వామి' మీద తగిన చర్య తీసుకున్నామని జవాబొచ్చింది. ఏం చర్య, ఎవరి మీద అనడిగితే గోప్యత కారణంగా చెప్పలేమన్నారు. కింద రెండు వందల రూపాయల కూపన్. మళ్ళీ ఆర్డర్ చేస్తే వాడుకోవచ్చు.

ఇద్దరం పోలీసుస్టేషన్‌కి వెళ్ళాం. ఫిర్యాదు తీసుకున్నారు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 74వ సెక్షన్. పాత 354కి కొత్త నంబరు. నంబరు మారినా స్త్రీ 'మర్యాద'కి భంగం అన్న పాత మాట మారలేదు. దెబ్బ తగిలింది ఆమె శరీరానికీ ఆమె నిద్రకీ కాదు, మర్యాద అనే వస్తువుకి. తిరిగొస్తూ ఆ అమ్మాయి అంది: "వాణ్ణి శిక్షిస్తే శిక్షించనీ అక్కా. కానీ వాణ్ణి మా గుమ్మం ముందుకి పంపించిందెవరు? వాళ్ళు నాకు జవాబు చెప్పొద్దా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న చుట్టూ రాస్తున్నదే. హింస గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న మనం ఎక్కువగా క్రిమినల్ చట్టం గురించే మాట్లాడాం. సెక్షన్లు మార్పించాం, శిక్షలు పెంచమన్నాం. అది అవసరమే. కానీ క్రిమినల్ కేసులో స్త్రీ స్థానం ఏమిటి? అక్కడ కేసు నడిపేది ప్రభుత్వం. ఆమె పి.డబ్ల్యూ. 1, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి. తనకి జరిగిన దానికి తనే సాక్షి. సివిల్ చట్టంలో ఆమె వాది. ఏం పోయిందో చెప్పేదీ, ఏం కావాలో అడిగేదీ ఆమే. సందేహానికి తావు లేకుండా నిరూపించాల్సిన భారం కూడా అక్కడ ఉండదు, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపిస్తే చాలు. క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన సివిల్ దావా పోదు.

అయితే వాది ఉండాలంటే ప్రతివాది ఉండాలి. పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలుసు. అతని దగ్గర పరిహారం ఇచ్చే స్తోమత ఉండదు. అతన్ని పంపినవాళ్ళని అడుగుదామంటే, వాళ్ళు తాము ఎవర్నీ పంపలేదంటారు. ఎలా అనగలుగుతున్నారో తెలుసుకోవటానికి ఆ కంపెనీ షరతుల పత్రం తీసి చదివాను.

తీర్పుల్నీ చట్టాల్నీ పాఠాల్లాగా చదవటం మనకి కొత్తేమీ కాదు. మథుర కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని ఉపేంద్ర బక్షీ, వసుధా ధగమ్వార్, రఘునాథ్ కేల్కర్, లతికా సర్కార్ వాక్యం వాక్యం చదివి 1979లో బహిరంగ లేఖ రాశారు. 'సమ్మతి'కీ 'లొంగిపోవటానికీ' తేడా తెలియని భాష అదని వాళ్ళు చూపించబట్టే 1983లో చట్టం మారింది. ఇవాళ అంత శ్రద్ధగానూ చదవాల్సిన పాఠం మన ఫోన్లో ఉంది. చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేస్తాం.

ప్రకటనల్లో ఆ కంపెనీ ఎప్పుడూ 'మేం' అనే మాట్లాడుతుంది. మేం తెస్తాం, మేం మీ ఇంటి ముందుంటాం. షరతుల పత్రంలోకి వచ్చేసరికి ఆ 'మేం' కనపడదు. వండేది రెస్టారెంటు. తెచ్చేది స్వతంత్రుడైన భాగస్వామి. తినేది మీరు. మరి కంపెనీ? అది 'వేదిక' మాత్రమేనట. వేదిక మీద ఎవరు ఎవర్ని పొడిస్తే వేదికకేం బాధ్యత! ఆ తర్వాత వరసగా కర్త లేని వాక్యాలు: బాధ్యత వహించబడదు, హామీ ఇవ్వబడదు. ఒకవేళ బాధ్యత ఉందని తేలినా అది ఆర్డరు విలువని మించదు. అంటే ఆమె రెండు నెలల నిద్ర విలువ ఒక బిర్యానీ పొట్లం.

'భాగస్వామి' ఎంత మంచి మాట! కానీ ఈ భాగస్వామికి లాభంలో వాటా లేదు. ఒక్కో ట్రిప్పుకి ఎంతివ్వాలో, ఎవరింటికి వెళ్ళాలో కంపెనీ నిర్ణయిస్తుంది. చొక్కా, సంచీ కంపెనీవి. రేటింగ్ తగ్గితే ఐడీ ఆపేసేదీ కంపెనీయే. ఇన్ని అధికారాలున్నవాణ్ణి ఊళ్ళో యజమాని అంటారు. ఆ ఒక్క మాట పలకకుండా ఉండటానికే ఇన్ని పేజీలు.

ఎందుకంటే పనివాడు పనిలో చేసిన తప్పుకి యజమాని జవాబుదారీ అన్నది సివిల్ చట్టంలో పాత సూత్రం. వికేరియస్ లయబిలిటీ అంటారు. లాయిడ్ కేసులో 1912లోనే ఇంగ్లండు ప్రభువుల సభ, ఒక వితంతువు ఆస్తిని గుమాస్తా మోసంతో రాయించుకుంటే, ఆ మోసంతో యజమానికి లాభం లేకపోయినా అతనే బాధ్యుడంది. మన కోర్టులు అన్నిసార్లూ అంత దూరం రాలేదు. 1978లో శ్యామాదేవి కేసులో, తెలిసిన బ్యాంకు ఉద్యోగి చేతికి ఆమె ఇచ్చిన డబ్బు పోతే, అతను ఉద్యోగ విధిలో భాగంగా తీసుకోలేదు కాబట్టి బ్యాంకుకి సంబంధం లేదంది సుప్రీంకోర్టు. 'దౌర్జన్యం చెయ్యటం అతని ఉద్యోగం కాదు కదా' అన్న వాదన ఇలాంటి తీర్పుల నీడలోనే నిలబడుతుంది.

దానికి జవాబు కూడా సుప్రీంకోర్టే చెప్పింది. 1998 ఫిబ్రవరిలో హౌరా స్టేషన్‌కి వచ్చిన ఒక బంగ్లాదేశ్ స్త్రీ మీద సామూహిక అత్యాచారం జరిగింది. రైల్వే యాత్రీ నివాస్ ఆ నేరంలో ఒక స్థలం. నిందితుల్లో రైల్వే ఉద్యోగులున్నారు. చంద్రిమా దాస్ అనే న్యాయవాది పిటిషన్ వేస్తే కలకత్తా హైకోర్టు 10 లక్షల పరిహారం ఇమ్మంది. ఉద్యోగుల సొంత నేరానికి మాకేం సంబంధమని రైల్వే సుప్రీంకోర్టుకెళ్ళింది. 2000 జనవరిలో కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. సంస్థని నడపటానికి పెట్టుకున్న మనుషులు ఆ సంస్థ యంత్రాంగంలో భాగమేనంది. అక్కడ ప్రతివాది ప్రభుత్వం. ప్రైవేటు కంపెనీ మీద దావాకి ఆ తీర్పు నేరుగా సరిపోకపోవచ్చు. కానీ ఆ తర్కం మనకి కావాలి.

యాప్ కంపెనీల విషయానికొస్తే, భోజనం తెచ్చేవాళ్ళ కంటే ముందు కారు నడిపేవాళ్ళ కేసులే కోర్టులకెక్కాయి. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఉబర్ కారులో అత్యాచారానికి గురైన స్త్రీ 2015 జనవరిలో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో కంపెనీ మీద సివిల్ దావా వేసింది. అక్కడ పేరు దాచుకుని దావా వెయ్యనిచ్చారు. అదే ఏడాది కంపెనీ రాజీ చేసుకుంది. డ్రైవరుకి ఢిల్లీ కోర్టు యావజ్జీవం వేసింది కూడా 2015లోనే. కంపెనీ అధికారులు తన వైద్య రికార్డులు సంపాదించి చూశారని 2017లో ఆమె మళ్ళీ దావా వేసింది. అదీ రాజీతోనే ముగిసింది. తన గాయం కాగితాలు కూడా తనవి కాకుండా పోయాయన్నమాట. ఇంకో సంగతీ గమనించాలి. ఢిల్లీలో జరిగిన దానికి జవాబు అడగటానికి ఆమె సముద్రాలు దాటాల్సి వచ్చింది.

బెంగుళూరు కేసులో స్త్రీ ఇక్కడే అడిగింది. 2018లో ఓలా కారులో డ్రైవరు లైంగికంగా వేధించాడని కంపెనీకి ఫిర్యాదు చేస్తే, అతను మా ఉద్యోగి కాదు కాబట్టి మా అంతర్గత కమిటీ విచారించదన్నారు. 2024 సెప్టెంబరు 30న కర్ణాటక హైకోర్టు సింగిల్ జడ్జి, పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం (2013) వరకూ ఆ డ్రైవరు ఉద్యోగి కిందికే వస్తాడని, ఆమెకి 5 లక్షల పరిహారం, ఖర్చుల కింద 50 వేలు ఇవ్వాలని తీర్పిచ్చారు. కొద్ది రోజులకే, అక్టోబరులో, డివిజన్ బెంచి స్టే ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చిన జవాబు గుమ్మంలోనే ఆగింది. అయినా ఆ తీర్పు చదవాలి. కంపెనీ తనకి తాను పెట్టుకున్న పేరుని నమ్మకుండా, అది చేసే పనిని చూసిన తీర్పు అది.

మరి మన అమ్మాయిలాంటి వాళ్ళకి ఇవాళ ఏ దారులున్నాయి? సివిల్ దావా ఒకటి. అతన్నీ కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చొచ్చు. ముందూవెనకా విచారించకుండా పనిలోకి తీసుకోవటం, పాత ఫిర్యాదులున్నా పంపటం కంపెనీ సొంత నిర్లక్ష్యం. దానికి అతను ఉద్యోగా కాదా అన్న తగువుతో పని లేదు. కానీ దావా ఏళ్ళు పడుతుంది. అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. పేరు దాచమని కోర్టుని విడిగా వేడుకోవాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టంలో ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు.

రెండోది వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం తను ఉండే ఊళ్ళోనే ఫిర్యాదు వెయ్యొచ్చు. ఫీజు, చెల్లించిన ధరని బట్టే గానీ అడిగే పరిహారాన్ని బట్టి కాదు. ధర 5 లక్షల లోపైతే ఫీజే లేదు. బిల్లులో 'ప్లాట్‌ఫామ్ ఫీజు' అని ఒక వరస ఉంటుంది చూడండి. వేదికనే నన్న కంపెనీ తన సేవకి తను డబ్బు తీసుకున్నట్టు రాసిచ్చిన రసీదు అది. సంబంధిత సమాచారాన్ని కావాలని దాచటం కూడా సేవా లోపమేనని చట్టం చెప్తోంది. షరతుల్లో మధ్యవర్తిత్వానికే వెళ్ళాలని రాసున్నా కమిషన్ దారి మూసుకుపోదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అన్యాయమైన షరతుల్ని చెల్లవనే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకి ఉంది. గడువు రెండేళ్ళు. వాస్తవాలు మరీ చిక్కుగా ఉంటే సివిల్ కోర్టుకి పొమ్మనే ప్రమాదమూ ఉంది.

ఇవి కాక బాధితుల పరిహార పథకం ఉంది. పాత నేర ప్రక్రియా స్మృతిలో 357-ఎ, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 396. స్త్రీల కోసం 2018లో వచ్చిన ప్రత్యేక పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షల దాకా ఇవ్వొచ్చు. నేరస్తుడికి శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు. సంఘటన ఆఫీసులో జరిగితే, బయటి నుంచి వచ్చేవాళ్ళ వల్ల కూడా భద్రత కల్పించాల్సింది ఆమె యజమానే అని 2013 చట్టం 19వ సెక్షన్ చెప్తోంది. ఏ దారికైనా కాగితాలే ప్రాణం. స్క్రీన్‌షాట్లు, కాల్ వివరాలు దాచుకోవాలి. సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకముందే రాతపూర్వకంగా అడగాలి.

ఇక్కడ ఒక మిత్రురాలు నన్ను ఆపి అడిగింది. ఎండలో వానలో తిరిగే పేద కుర్రాళ్ళందర్నీ అనుమానించటానికి ఇదో సాకవుతుంది కదా అని. నిజమే. లిఫ్టు ఎక్కొద్దనే బోర్డులు, కులం అడిగి గానీ పొట్లం తీసుకోని ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. ఆ అనుమానాన్ని మన భయంతో పెంచకూడదు. అందుకే నాకు ఈ సివిల్ దారి ముఖ్యమనిపిస్తుంది. ఒక్క కుర్రాడి మీద అంతా వదిలేసి కంపెనీ చేతులు కడుక్కునే ఏర్పాటుని ఇది ప్రశ్నిస్తుంది. ఆమెకి జవాబు ఎగ్గొట్టిన మాటే, బండి మీంచి పడి కాలు విరిగిన అతనికీ జవాబు ఎగ్గొడుతోంది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా స్మృతి అతన్ని గుర్తించింది గానీ, సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడిగానే నిర్వచించింది. యజమాని లేని పనివాడు! కస్టమర్ల ఇళ్ళకెళ్ళి పనిచేసే బ్యూటీషియన్లకీ, బండి నడిపే స్త్రీలకీ ఇదే కథ. తలుపుకి ఇటున్నా అటున్నా స్త్రీ అడిగే ప్రశ్న ఒకటే.

ఆ అమ్మాయి చివరికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసింది. రెండు వాయిదాలయ్యాయి. తాము మధ్యవర్తులం మాత్రమేనని, అతను స్వతంత్ర భాగస్వామి అని కంపెనీ వకీలు కౌంటరు దాఖలు చేశాడు. ఆ కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. 'భాగస్వామి' అన్న ప్రతిచోటా పెన్సిలుతో గీత గీసుకొచ్చింది. పదిహేడు గీతలు.

కూపన్ గడువు ఎప్పుడో తీరిపోయింది. దాని ప్రింటు తీసి ఫిర్యాదుకి జతచేసింది. మొదటి పేజీలో ఆమె పేరు పక్కన 'ఫిర్యాదుదారు' అనుంది. దాని కింద కంపెనీ పూర్తి పేరు, చిరునామాతో సహా. ఆ పక్కన 'ఎదుటి పక్షం' అనుంది.