బిళ్ళ వెనకవైపు

మా ఇళ్లల్లో బిల్లా అంటాం. తెలుగులో బిళ్ళ. బిళ్ళబంట్రోతు అన్న మాట అక్కడిదే. పాత ఫౌజు బిల్లాలు ఏరి దాచుకోవడం ఇప్పుడొక షౌఖ్. జుమ్మెరాత్ బజార్‌లో తుక్కుసామాను పక్కన గుడ్డ పరిచి అమ్ముతారు. డబ్బున్న షౌకీన్లు వేలంపాటల్లో కొంటారు. వాళ్ల ఇల్మ్‌ను మేం తక్కువ చేయం. డై కొట్టిన అసలు బిల్లాను తిప్పి చూస్తే ముందరి బొమ్మ వెనక లోతుగా, తిరగబడి కనిపిస్తుంది. పోతపోసిన నకలుకైతే గీతలు మొద్దుబారి ఉంటాయి, ఒళ్లంతా సన్నని గుంటలుంటాయి.

మా పేచీ పేరు దగ్గర. ‘హైదరాబాద్’ అని ఉంటే చాలు, నిజాం ఫౌజుదని చెప్పి అంటగడతారు. మావాళ్లు కళ్లకద్దుకుని మరీ కొంటారు.

నిజాం సొంత ఫౌజు వేరు, 19 హైదరాబాద్ రెజిమెంట్ వేరు. దీని మూలం 1813 నాటి రస్సెల్ బ్రిగేడ్. హెన్రీ రస్సెల్ ఇక్కడి ఇంగ్లీషు రెసిడెంటు. ఆ బ్రిగేడే తర్వాత హైదరాబాద్ కంటింజెంట్‌లో భాగమైంది. జీతాలు నిజాం ఖజానావి, హుకుం ఇంగ్లీషువాళ్లది! ఆ జీతాల బాకీ కిందే 1853లో బేరారు చేజారింది. ఖజానా నింపిన రైతు బొమ్మ ఏ బిల్లా మీదా లేదు. 1903లో కంటింజెంట్ ఇంగ్లీషు ఫౌజులో కలిసిపోయింది. 1922లో దాని పదాతి దళాలు 19 హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. రానురాను దక్కనీ ముసల్మాన్లు భర్తీలోంచి జారిపోయారు. కుమావూఁ మనుషులు, జాట్లు, అహీర్లు మిగిలారు. 1945 అక్టోబర్ 27న పేరు కూడా మారి కుమావూఁ రెజిమెంట్ అయింది.

కానీ ఆ రెజిమెంటు గుర్తు చూడండి. శిలువ పట్టుకున్న సగం సింహం. రస్సెల్ వంశపు చిహ్నం అది. దొర సింహం నిలిచింది, ఊరి పేరు పోయింది. 1947 నవంబర్ 3న బద్గాంలో ప్రాణమిచ్చి తొలి పరమవీరచక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ 1942లో అఫ్సరుగా చేరింది హైదరాబాద్ రెజిమెంట్‌లోనే. ఈ ఊరి ఫౌజు అనగానే 1948 సెప్టెంబర్, రజాకార్లు తప్ప ఇంకేమీ తోచనివాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు?

చెప్పాల్సింది మేమే. మేం చేసిందేమిటి? నవాబుల దీవాన్‌ఖానాల్లో అద్దాల వెనక మెరిసే ఇత్తడి చూసి ‘మన ఫౌజు’ అని పొంగిపోయాం. మాలో చాలామంది తాతలు దూది ఏకారు, జట్కాలు తోలారు, గాజులమ్మారు. ఆ దీవాన్‌ఖానాల్లోకి వాళ్లని రానిచ్చిందెవరు? వాళ్లలో ఎవరి ఛాతీకైనా బిల్లా ఎక్కిందంటే అది చప్రాసీగిరీ బిల్లాయే.

ఆ మధ్య బజార్‌లో అలాంటిదొకటి దొరికింది. ఉర్దూలో నంబరు, కచేరీ పేరు సగం అరిగిపోయింది. పక్కనున్న షౌకీన్ ఒకాయన తీసి, తిప్పి చూసి, ‘ఫౌజుది కాదు’ అని మళ్లీ గుడ్డ మీద పడేశాడు. దుకాణంవాడు ఇత్తడి తూకానికే మాకిచ్చాడు.