ఎడారిలో మనుషులు లేరా?

అమెరికా యాత్రారచన తెలుగులో ఇప్పుడు అరుదైన వస్తువు కాదు. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులు, తిరిగి రాగానే ఒక పుస్తకం రాసి సొంత ఖర్చుతో అచ్చు వేయించటం మా జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో కూడా మామూలైంది. వీళ్ళలో రిటైరైన ఉపాధ్యాయులున్నారు, ఉద్యోగులున్నారు, అక్కడక్కడా కవులూ ఉన్నారు. అభిప్రాయం రాసిపెట్టమని నా చేతికి వచ్చిన ఇలాంటి పుస్తకాల్లో ఒక అధ్యాయం దాదాపు అన్నిటిలోనూ కనబడుతుంది. అది ఎడారి అధ్యాయం. ఏ ఒక్క పుస్తకాన్నో పట్టుకుని దాని రచయితను దుయ్యబట్టటం నా ఉద్దేశం కాదు గనక పేర్లు చెప్పటం లేదు. వీటన్నిటిలోనూ ఒకే చూపు ఉంది. ఆ చూపు ఎక్కడినుంచి వచ్చింది, దానివల్ల సాహిత్యానికి జరిగే నష్టం ఏమిటి అన్నదే ఇక్కడ నేను చర్చించదలచుకున్న విషయం.

ముందు ఆ అధ్యాయం నడిచే తీరు చూద్దాం. లాస్ ఏంజెలెస్ నుంచి తెల్లవారుజామున బయలుదేరతారు. అల్లుడు కారు నడుపుతాడు. వెనక సీట్లో మనవలు. డిక్కీలో పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి. మొహావీ ఎడారి గుండా లాస్ వేగాస్‌కు సుమారు 270 మైళ్ళు. కనుచూపు మేర మనిషి జాడ లేదని అర్థం వచ్చే వాక్యం ఒకటి ఇక్కడ తప్పక పడుతుంది. ఆ తర్వాత లాస్ వేగాస్ దీపాల వర్ణన, హూవర్ ఆనకట్ట కొలతలు. గ్రాండ్ కాన్యన్ లోయ అంచున నిలబడి రచయిత సృష్టికర్తను తలచుకుంటాడు. రోడ్లు అద్దాల్లా ఉన్నాయని మెచ్చుకుంటాడు, మన రోడ్లను తిట్టుకుంటాడు. అధ్యాయం ముగుస్తుంది.

నాలుగైదు రోజుల ప్రయాణం. వందల మైళ్ళ దారి. ఇంతలో కుటుంబసభ్యులు తప్ప వేరే మనిషి ఒక్కడు పుస్తకంలో నోరు విప్పడు! మోటెల్లో గది ఊడ్చి దుప్పట్లు మార్చినది ఎవరు? నిప్పులు చెరిగే ఎండలో రోడ్డుకు తారు పోసినది ఎవరు? అమెరికా రహదారుల పక్కనున్న మోటెళ్ళలో చాలాభాగం గుజరాతీ కుటుంబాల చేతుల్లో ఉన్నాయన్నది లోకమెరిగిన సంగతి. మన భాష రాకపోయినా మన దేశం నుంచే పోయిన ఆ కుటుంబం ఊరూ వాడా లేని చోట ఎలా బతుకుతున్నదో అడగాలని కూడా రచయితకు తోచదు. అంచేత ఎడారి ఖాళీగా కనబడటంలో ఎడారి చేసిన తప్పేమీ లేదు. డబ్బు కట్టి చూడవచ్చిన వాడికి, ఆ డబ్బుకు వచ్చే దృశ్యం తప్ప తక్కినదంతా కనబడకుండా పోతుంది. పర్యాటక వ్యాపారం నేర్పే చూపు ఇది. మధ్యతరగతి దీన్ని తన సహజమైన చూపు అనుకుంటున్నది.

తెలుగు యాత్రారచన పుట్టుకలో ఈ జబ్బు లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. ఆయన కూడా ఇంటివాళ్ళను వెంటబెట్టుకుని పెద్ద పరివారంతో సాగినవాడే. వెళ్ళేటప్పుడు కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా వెళ్ళి, వచ్చేటప్పుడు ఉత్తర సర్కారుల గుండా వచ్చాడు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రలో ప్రతి మజిలీకీ ఒక లెక్క ఉంటుంది. ఊరు ఎంత దూరం, నీళ్ళు ఎలాంటివి, అంగళ్ళు ఉన్నాయా, ఏమి దొరుకుతుంది, దారి ఎలాంటిది. పల్లకి మోసే బోయీల సంగతి, కావిళ్ళవాళ్ళ సంగతి అందులో ఉంటుంది. వీరాస్వామయ్య విప్లవకారుడు కాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవాడు, కంపెనీ పాలన మంచిదని నమ్మినవాడు. అయినా ఆయన పుస్తకంలో మనుషులున్నారు. ఎందుకని? మనిషి భుజం మీద ప్రయాణం చేసేవాడికి, మోసేవాడు అలసిపోతే తన ప్రయాణం ఆగిపోతుందని తెలుసు. కారులో కూర్చున్న మన రచయితకు ఆ సంగతి తెలియవలసిన అవసరం కలగటంలేదు. మోసేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు, కాని కిటికీ అద్దానికి అవతల ఉన్నారు. రచయిత ఉద్దేశాలు ఎలాంటివైనా, అతడు ప్రయాణించే పద్ధతి అతడి చూపును ఎంతగా నిర్ణయిస్తుందో చెప్పటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు ఆ 'ఖాళీ' ఎడారిలోకి వెళదాం. హూవర్ ఆనకట్ట పని 1931లో మొదలైంది. ఆర్థికమాంద్యంలో ఉద్యోగాలు ఊడిన వేలమంది పెళ్ళాంబిడ్డలతో అక్కడికి చేరి నది ఒడ్డున గుడారాల్లో పడివున్నారు. ఆ వేసవిలో ఎండదెబ్బకు మనుషులు రాలిపోయారు. ఆగస్టులో కార్మికులు సమ్మె చేశారు, ఓడిపోయారు. అధికార లెక్క ప్రకారమే 96 మంది ఆ నిర్మాణంలో చనిపోయారు. వాళ్ళ స్మారక ఫలకం ఆనకట్ట దగ్గరే ఉంది. ఆనకట్ట ఎత్తు 221 మీటర్లని రాసుకువచ్చిన రచయితకు ఆ ఫలకం కంటబడలేదు.

గ్రాండ్ కాన్యన్ 1919లో జాతీయ పార్కు అయింది. అంతకుముందే, 1882లో, అక్కడి హవసుపాయి ప్రజలను 518 ఎకరాలకు కుదించారు. దీర్ఘకాలం పోరాడిన తర్వాత 1975లో సుమారు 1,85,000 ఎకరాలు తిరిగి వాళ్ళకు దఖలుపడ్డాయి. ఆ పక్కనే నవాహో ప్రజల నేల. 1864లో సైన్యం వాళ్ళను వందల మైళ్ళు నడిపించుకుపోయింది. 1868లో ఒడంబడిక కుదిరాక తిరిగివచ్చారు. 1944 నుంచి 1986 వరకు ఆ నేలలో సుమారు మూడు కోట్ల టన్నుల యురేనియం ఖనిజం తవ్వారు. వదిలేసిన గనులు 500 పైచిలుకు మిగిలాయి. అక్కడ ఇప్పటికీ వేల కుటుంబాలకు ఇంట్లో కుళాయి లేదు. తమ నీటి అవసరాలను తేల్చి నీళ్ళు ఏర్పాటుచేసే బాధ్యత ప్రభుత్వానిదని వాళ్ళు కోర్టుకు వెళితే, ఒడంబడిక ప్రకారం అలాంటి బాధ్యత లేదని అమెరికా సుప్రీంకోర్టు 2023లో 5–4 తీర్పు చెప్పింది. ఆంటిలోప్ కాన్యన్ అనే ఎర్రరాతి సందును చూడాలంటే నవాహో మార్గదర్శి వెంట రావలసిందే. అంటే మన రచయిత ఆ ప్రజల్లో ఒకరితో గంటసేపు నడిచాడన్నమాట. పుస్తకంలో మాత్రం ఆ మనిషి 'గైడు' అనే రెండక్షరాల కింద మాయమైపోయాడు.

'ఖాళీ' అన్న మాట అమాయకమైనది కాదు. నేల ఖాళీ అని ముందు భాషలో తేల్చుకుంటారు, ఆ తర్వాత దానితో ఏమైనా చెయ్యవచ్చు. నెవాడా ఎడారి ఖాళీ అనుకున్నారు గనకనే 1951 నుంచి 1992 వరకు అక్కడ 928 అణుపరీక్షలు చేశారు. అది పశ్చిమ షొషోనీ ప్రజలు తమదని చెప్పుకునే నేల. తొలి ఏళ్ళలో లాస్ వేగాస్ హోటళ్ళు ఆ పేలుళ్ళ మేఘాలను కూడా అతిథులకు చూపే వినోదంగా అమ్ముకున్నాయి. ఒక యాత్రికుడు రాసిన వాక్యానికి బాంబు పేలదు. కాని బాంబు వేసినవాడి మాటా మన యాత్రికుడి మాటా ఒకటే కావటం ఆలోచించవలసిన విషయం.

ఈ ఎడారినే కుటుంబంతో దాటిన కథ అమెరికన్ సాహిత్యంలో ఒకటుంది. జాన్ స్టైన్‌బెక్ 1939లో ప్రచురించిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలలో జోడ్ కుటుంబం భూమి పోగొట్టుకుని ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకు పాత లారీలో బయలుదేరుతుంది. రాత్రివేళ మొహావీ దాటుతుండగా నాయనమ్మ ప్రాణం పోతుంది. తనిఖీ చేసేవాళ్ళు ఆపేస్తే ఎడారి దాటలేమని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఇంటి కోడలు తెల్లవార్లూ శవం పక్కనే పడుకుని వస్తుంది. మన పుస్తకాల్లో ఉన్న ఎడారే ఇది, దాటేది కూడా కుటుంబమే. కాని ఇక్కడ ప్రతి మైలుకూ వెల ఉంది. స్టైన్‌బెక్ ఈ వస్తువును గదిలో కూర్చుని కల్పించలేదు. 1936లో వలసకూలీల శిబిరాలు తిరిగి ఒక పత్రికకు వ్యాసాలు రాశాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే లాస్ ఏంజెలెస్ పోలీసులు కాలిఫోర్నియా సరిహద్దుల దాకా పోయి, చేతిలో డబ్బులేనివాళ్ళను రాష్ట్రంలోకి రానివ్వకుండా వెనక్కు పంపారు.

సరిహద్దు దగ్గర మనుషులను ఆపటం మాకు కొత్త విషయం కాదు. 2020 మార్చి చివర లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు, హైదరాబాదు హాస్టళ్ళు మూతపడి ఇళ్ళకు బయలుదేరిన వేలమంది జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. హైదరాబాదు–విజయవాడ రహదారి అది. పాత 9వ నెంబరు, ఇప్పటి 65వ నెంబరు. మన అమెరికా యాత్రికుడు శంషాబాదులో విమానం దిగి ఈ రోడ్డు మీదనే ఇంటికి వస్తాడు. మిరప కోతల కాలంలో ఈ రోడ్డు మీదనే కూలీలు కుటుంబాలతో వస్తారు. వ్యానులో మూటలు, వంటపాత్రలు, పసిపిల్లలు, ముసలివాళ్ళు. అదీ కుటుంబ సమేతంగా రహదారి ప్రయాణమే. దాని మీద యాత్రాచరిత్ర ఎవరు రాశారు?

నేను భయపడేది ఈ విషయానికే. అమెరికా ఎడారిలో మనుషులను చూడని కన్ను ఇంటికి రాగానే మారిపోదు. నందిగామ, జగ్గయ్యపేటల మెట్టను డెల్టావాళ్ళు ఎంతకాలం చవిటినేల అని తీసిపారేశారో మనకు తెలుసు. ఆ నేలకు నాగార్జునసాగర్ ఎడమకాలువ నీళ్ళు వచ్చాయంటే దాని వెనక ఆందోళన ఉంది. ఆ ప్రాజెక్టు కోసం తిరిగిన వాళ్ళలో ముక్త్యాల రాజా పేరు అందరూ చెబుతారు, చెప్పవలసిందే. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీళ్ళు వదిలేదాకా రాళ్ళు తలమీద మోసిన ఆడామగా కూలీల పేర్లు ఎవరు చెబుతారు? హూవర్ దగ్గర ఫలకం చూడని రచయిత, సాగర్ దగ్గర గేట్ల సంఖ్య మాత్రమే రాసుకువస్తాడు. మా ఊళ్ళ చుట్టూ సున్నపురాయి కోసం తవ్విన గోతులు, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము అతడి కంటికి 'అభివృద్ధి' అన్న ఒక్క మాటగానే ఆనుతాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మనవలతో సరదాగా తిరగటానికి వెళ్ళిన పెద్దమనిషిని పట్టుకుని వర్గవిశ్లేషణ చెయ్యలేదేమని నిలదీయటం న్యాయమా? న్యాయం కాదు. నేను అడిగేది విశ్లేషణ కాదు. లోయ అంచున నిలబడి నోట మాటరాకపోవటం నిజమైన అనుభవం. దాన్ని ఎగతాళి చేసే విమర్శకుడికి ప్రకృతీ తెలియదు, సాహిత్యమూ తెలియదు. నేను పైన ఇచ్చిన అంకెలన్నీ గుదిగుచ్చి ఒక పుస్తకం వేసినా అది యాత్రారచన కాదు, కరపత్రం అవుతుంది. ఆశ్చర్యం ఉండనివ్వండి, దాని పక్కన మనిషికి కూడా చోటివ్వండి అంటున్నాను.

ఇంకొక మాట మనలో మనం చెప్పుకోవాలి. ఒకప్పుడు సోవియట్ యూనియన్‌కు, చైనాకు అతిథులుగా వెళ్ళివచ్చిన మన అభ్యుదయ రచయితల్లో చాలామంది ఇదే పని చేశారు. చూపించిన సమష్టి క్షేత్రం చూశారు, ఇచ్చిన లెక్కలు రాసుకున్నారు, విందులో పాడిన పాటను మెచ్చుకున్నారు. ఆ పుస్తకాల్లో ట్రాక్టర్లు ఎన్నో ఉన్నాయి గాని, ట్రాక్టరు నడిపేవాడు సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్యతో ఏమన్నాడో లేదు. దృక్పథం సరిగా ఉంటే చాలు, చూపు దానంతటదే వస్తుందనుకోవటం భ్రమ. దృక్పథం ఎటు చూడాలో చెబుతుంది. చూడవలసిన కష్టం మాత్రం రచయితదే.

ఆ కష్టం మరీ పెద్దదేమీ కాదు. ఇక ముందు ఎడారి అధ్యాయం రాయబోయేవాళ్ళకు వీరాస్వామయ్య పద్ధతినే గుర్తుచేస్తాను. ప్రతి మజిలీలో మూడు సంగతులు రాసుకోండి: ఈ పూట మన పని చేసిపెట్టింది ఎవరు, ఈ నేల ఇంతకుముందు ఎవరిది, ఇక్కడికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి. ఇంగ్లీషు రాకపోతే పక్కన అల్లుడున్నాడు, అడిగించండి. సాహిత్యం చదువుకుంటున్న విద్యార్థులకు అమెరికా దాకా పోవలసిన పనికూడా లేదు. మిరప కోతల రోజుల్లో గరికపాడు నుంచి నందిగామ దాకా ఒకసారి నిదానంగా, ఆగి ఆగి, మాట్లాడుతూ వచ్చి ఆ దారిని రాసి తీసుకురండి. ఆ రాతప్రతి కోసం ఎదురుచూస్తాను.