డ్రైవ్ పోయిందంటే ముందు అడగాల్సిన ప్రశ్న

ఆడిటర్ ఆఫీసుల్లో, రైస్ మిల్లు గుమాస్తాల గదుల్లో, ఎరువుల డీలర్ల కౌంటర్ల వెనక లెక్కలన్నీ ఒకే కంప్యూటరులో ఉంటాయి. అందరూ దాన్ని సర్వర్ అంటారు. చాలాచోట్ల అది విండోస్ 7 వేసిన మామూలు పాత సిస్టమే. అందులోని ఫోల్డరే మిగతా సిస్టమ్‌లలో జడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. టాలీ డేటా అక్కడే, జీఎస్టీ ఫైళ్లూ అక్కడే. దాని మీద ఎర్ర ఇంటూ మార్కు పడిందంటే అందరి పనీ ఆగిపోతుంది. రిటర్నుల గడువు దగ్గర పడ్డ రోజైతే ఆ కంగారు చెప్పనలవి కాదు.

ఇలాంటి ఆఫీసుల సిస్టమ్‌లు చూసుకోవడం నా వృత్తి. మౌస్ ముట్టుకునే ముందు నేను అడిగేది ఒక్కటే: ‘ఎప్పుడు పోతోందండీ?’ ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరికితే సగం రిపేరు అయిపోయినట్టే.

పొద్దున ఆన్ చేయగానే పోతోందంటే చాలావరకు భయపడాల్సిన పని లేదు. నెట్‌వర్క్ కార్డు సిద్ధమయ్యేలోపే విండోస్ లాగిన్ అయిపోతుంది, డ్రైవ్ కోసం వెతికి దొరకలేదంటుంది. కాసేపాగి డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. ప్రొఫెషనల్ వెర్షన్ అయితే నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగమని గ్రూప్ పాలసీలో చెప్పొచ్చు. కాకపోతే కొన్ని సెకన్లు ఆగి ‘నెట్ యూజ్’ కమాండుతో డ్రైవ్‌ను కలిపే చిన్న బ్యాచ్ ఫైలును స్టార్టప్‌లో పెడితే చాలు.

భోజనం చేసి వచ్చేసరికి పోతోందంటే సంగతి వేరు. ఎవరూ వాడకుండా 15 నిమిషాలు గడిస్తే కనెక్షన్ తెంచేయడం విండోస్ సర్వర్ సర్వీసుకు పుట్టుకతో ఉన్న అలవాటు. మామూలుగా క్లిక్ చేయగానే మళ్లీ కలుస్తుంది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు మాత్రం ఆ క్షణకాలం కూడా ఓర్చుకోలేక ఎర్రర్ ఇస్తాయి. సర్వర్ సిస్టమ్‌లో ‘నెట్ కాన్ఫిగ్ సర్వర్ /ఆటోడిస్‌కనెక్ట్:-1’ అని కొడితే ఆ గడువు పోతుంది. దాంతోపాటు సర్వర్ స్లీప్‌లోకి వెళ్తోందేమో, నెట్‌వర్క్ కార్డును కరెంటు ఆదా కోసం ఆపేసే టిక్కు పడి ఉందేమో చూడాలి.

కొత్తగా ఇంకో సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరికి పోతోందంటే లెక్క చూసుకోవాలి. సర్వర్‌గా పెట్టుకున్నది విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ అయితే ఒకేసారి 10 కనెక్షన్లే ఇస్తుంది. ఎక్స్‌పీ హోమ్ 5, విండోస్ 7 అయితే 20. లెక్క సరిపోయినా పోతోందంటే రెండు సిస్టమ్‌లకు ఒకే ఐపీ అడ్రస్ పడిందేమో చూడాలి.

అసలు కష్టం ‘ఎప్పుడుపడితే అప్పుడు’ అన్న జవాబుతోనే. అప్పుడు నేను సర్వర్ పలుకుతోందో లేదో చూసే ‘పింగ్’ కమాండును ఆగకుండా పెట్టి కూర్చుంటాను. డ్రైవ్ పోయిన క్షణంలో పింగ్ కూడా ఆగితే కేబులో, క్లిప్పు విరిగిన కనెక్టరో, స్విచ్చో కారణం. పింగ్ వస్తూనే డ్రైవ్ రావడం లేదంటే వైర్లు బాగానే ఉన్నాయన్నమాట. ఇక సర్వర్ పేరు బదులు దాని ఐపీ అడ్రస్ కొట్టి చూస్తాను. అలా తెరుచుకుంటే తప్పు పేరు వెతుక్కోవడంలో ఉంది. అప్పటికీ తెరుచుకోకపోతే పాస్‌వర్డ్, పర్మిషన్ల సంగతి. ఒక్కో పరీక్షకు అనుమానించాల్సిన వాటిలో సగం తగ్గిపోతాయి.

గుంటూరులో ఒక ఆఫీసులో ఈ బాధ చాలా రోజులు నడిచింది. నా కంటే ముందు వచ్చినవాళ్లు విండోస్ మళ్లీ వేశారు, కార్డు మార్చారు. అకౌంట్స్ చూసే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా అడిగితే, ‘పెద్ద ప్రింటు ఇచ్చినప్పుడే ఎక్కువగా పోతోందండీ’ అంది. వెళ్లి చూస్తే లేజర్ ప్రింటరూ స్విచ్ అడాప్టరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఓల్టేజీ పడిపోయి స్విచ్ రీస్టార్ట్ అవుతోంది. అడాప్టర్‌ను యూపీఎస్‌కు మార్చాం, సమస్య పోయింది. ఆ రోజు రోగం కనిపెట్టింది ఆ అమ్మాయే. రోజంతా ఆ సిస్టమ్ ముందు కూర్చునే మనిషికి తెలిసినంత మరెవరికీ తెలియదు.

ఇక ‘కొత్త కంప్యూటర్ కొన్న దగ్గర్నుంచీ’ అనే జవాబు ఒకటుంది. ఇక్కడ మాత్రం జాగ్రత్త. ఎక్స్‌పీకి ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి, ఎస్‌ఎంబీ1 మాత్రమే తెలుసు. 2017 చివర్లో వచ్చిన 1709 వెర్షన్ నుంచీ విండోస్ 10ను కొత్తగా వేస్తే అందులో ఎస్‌ఎంబీ1 సర్వర్ ఉండదు. ఆ ఏడాది మే 12న ప్రపంచమంతా పాకిన వానాక్రై వైరస్ ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే దూరింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. 2014లోనే సపోర్ట్ ముగించిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్రత్యేకంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. కొత్త సిస్టమ్‌లో ఎస్‌ఎంబీ1 ఆన్ చేస్తే డ్రైవ్ చిటికెలో వస్తుంది. దాంతోపాటు ఆ తలుపూ తెరుచుకుంటుంది. అలా చేయకండి. డేటాను కొత్త సిస్టమ్‌లోకి మార్చండి. కాటా సాఫ్ట్‌వేర్ లాంటిదేదో ఎక్స్‌పీ మీదే నడవాలంటే ఆ ఒక్కదాన్నీ ఇంటర్నెట్‌కూ, మిగతా నెట్‌వర్క్‌కూ దూరంగా ఉంచండి.

ఇంత శ్రద్ధ ఎందుకంటే తెగేది కనెక్షన్ ఒక్కటే కాదు. ఎంట్రీ కొడుతుండగా డ్రైవ్ పోతే టాలీ డేటా పాడవచ్చు. అప్పుడు బ్యాకప్ తీసుకుని రీరైట్ చేయాలి, అదీ అన్నిసార్లూ ఫలించదు. పోయేది ఒక గుమాస్తా రోజంతా పడ్డ కష్టం.

ఆఫీసుల్లో పనిచేసేవారికి నా విన్నపం. డ్రైవ్ పోయినప్పుడు రీస్టార్ట్ కొట్టేముందు ఒక కాగితం మీద టైము, తెర మీద వచ్చిన మెసేజీ, ఎవరెవరికి పోయింది, ఆ సమయంలో ఏం జరుగుతోంది అన్నవి రాసి పెట్టుకోండి. మెకానిక్ రాగానే ఆ కాగితం చేతికివ్వండి. దాన్ని చదవకుండానే ఫార్మాట్ చేద్దామనేవారికి మీ సిస్టమ్ అప్పగించకండి.