గొంతు కావాలి, పేరు వద్దా?

1987 వేసవిలో లండన్‌లోని ఒక పబ్బులో కొన్ని చిన్న రికార్డు కంపెనీల వాళ్లు సమావేశమయ్యారు. వాళ్ల సమస్య చాలా మామూలుది. ఆఫ్రికా నుంచీ, అరబ్బు దేశాల నుంచీ, మన ఉపఖండం నుంచీ వస్తున్న రికార్డుల్ని దుకాణాల్లో ఏ అరలో పెట్టాలి? రాక్ అరలో ఇమడవు. జాజ్ అరలో ఇమడవు. శాస్త్రీయమంటే వాళ్లకి బీథోవెన్ తప్ప మరొకరు గుర్తుకురారు. అందుకని కొత్త అర ఒకటి తెరిచి దానికి ‘వరల్డ్ మ్యూజిక్’ అని పేరు పెట్టారు. ఆ మాట అంతకుముందే ఉంది. 1960ల మొదట్లో అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో రాబర్ట్ బ్రౌన్ అనే అధ్యాపకుడు దాన్ని వాడాడు. ఏ జాతి సంగీతాన్నయినా ఆ జాతి గురువు ముందు కూచుని నేర్చుకోవాలన్నది అక్కడి పద్ధతి. తరగతి గదిలో పుట్టిన మాట చివరికి దుకాణం అరకి చేరింది. ఇవాళ ప్రపంచ సంగీతం పేరుతో జరిగే వర్క్‌షాపులూ కచేరీలూ ఈ రెంటి మధ్యే ఊగుతున్నాయి. వచ్చినవాళ్లు నేర్చుకోవడానికి వచ్చారా, కొనుక్కోవడానికి వచ్చారా?

ఈ గొడవతో మాకేం పని అని అడగొచ్చు. పని ఉంది. ఆ అరలో బాగా అమ్ముడుపోయిన వాటిల్లో మా దర్గాల పాట ఒకటి. దాన్ని ప్రేమించే లోకం మమ్మల్ని ఎట్లా చూస్తున్నదన్నది మా అస్తిత్వ సమస్య.

నుస్రత్ ఫతే అలీఖాన్ సంగతే చూద్దాం. ఆయన కుటుంబం జలంధర్‌ది. దేశ విభజనతో ఇప్పటి ఫైసలాబాద్‌కి చేరింది. 1985లో ఇంగ్లండ్‌లోని మెర్సీ దీవిలో జరిగిన ‘వోమాడ్’ ఉత్సవంలో ఆయన పాడాడు. పీటర్ గాబ్రియెల్, మరికొందరు కలిసి 1980లో స్థాపించిన సంస్థ అది. మొదటి ఉత్సవం 1982లో జరిగింది. ఉర్దూ, పంజాబీ, ఫార్సీ ఒక్క ముక్క రాని తెల్లవాళ్లు ఆ రాత్రి ఖవ్వాలీ విని కదిలిపోయారు. ఆ కదలిక అబద్ధమని మేం అనడం లేదు. గొంతుకి ఆ శక్తి ఉంది. 1992-93లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో సందర్శక కళాకారుడిగా ఉండి విద్యార్థులకు నేర్పాడు కూడా. ఇదంతా మంచే. ఆయన 1990లో చేసిన రికార్డింగులు కొన్ని ‘చెయిన్ ఆఫ్ లైట్’ పేరుతో 2024లో వచ్చాయంటే, ఆ సంస్థల వాళ్లు టేపుల్ని భద్రంగా దాచబట్టే కదా. మన దర్గాల్లో పాడి పోయిన ఎందరు ఖవ్వాళ్ల గొంతుల్ని మేం దాచుకోగలిగాం?

అయితే 1990లోనే వచ్చిన ‘మస్త్ మస్త్’ ఆల్బం దగ్గర ఆగి ఆలోచించాలి. మైకేల్ బ్రూక్ నిర్మాత. అందులో ఎక్కువ పాటలకి సాహిత్యం లేదు, సర్గమూ ఆలాపనలే. సాహిత్యం ఉన్నచోట రికార్డింగుని కోసి అతికేటప్పుడు వాక్యం నడిమికి తెగి అర్థం పోయిందనీ, అది నుస్రత్‌కి నచ్చలేదనీ బ్రూకే తర్వాత చెప్పుకున్నాడు. దురుద్దేశమేం లేదు. ఆయనకి ఆ భాష రాదు, అంతే. వినడానికి బాగానే ఉంది కాబట్టి కోశాడు. మాకు మాత్రం ఈ చిన్న సంగతిలో మొత్తం కథ కనబడుతుంది. ధ్వని దక్కింది, మాట తెగింది.

ఖవ్వాలీలో మాట తెగడమంటే ఏమిటో చెప్పాలి. అసలు ‘ఖౌల్’ అంటేనే మాట, ప్రవక్త వచనం. ఖవ్వాలీ ఆ మాట నుంచి వచ్చింది. దర్గాలో సమాకి ఒక వరస ఉంటుంది: ముందు అల్లాని స్తుతించే హమ్ద్, తర్వాత ప్రవక్తని తలిచే నాత్, ఆపైన వలీలని కీర్తించే మన్‌ఖబత్, ఆ తర్వాతే గజల్. ఖవ్వాలు ఒక పాదం పాడుతూ మధ్యలో మరో కవి షేర్‌ని తెచ్చి ముడేస్తాడు. దీన్ని ‘గిరహ్’ అంటారు. ఫార్సీ పాదానికి ఉర్దూ ముడి, ఉర్దూ పాదానికి హిందవీ ముడి. ఏ పాదం దగ్గర సభలో ఒకరికి ‘హాల్’ వస్తుందో, ఆ మనిషి తేరుకునేదాకా ఆ పాదాన్నే తిప్పితిప్పి పాడాలి. వదిలేసి ముందుకు పోవడం తప్పు. అంటే పాట ఎంతసేపు నడవాలో తేల్చేది వినేవాడి గుండె. నజరానా కూడా పీర్ ముందు పెట్టాకే ఖవ్వాలుకి చేరుతుంది. పాడేవాడూ, వినేవాడూ, పడుకున్న వలీ, ముగ్గురూ కలిస్తేనే అది పూర్తవుతుంది.

దీన్ని తీసుకెళ్లి ఆడిటోరియంలో పెట్టండి. వినేవాళ్లు చీకట్లో ఉంటారు, వాళ్ల ముఖాలు ఖవ్వాలుకి కనబడవు. నలభై నిమిషాల్లో ముగించాలి. హాల్ వచ్చినవాడు లేచి నిలబడితే వెనక సీటు వాళ్లు విసుక్కుంటారు. గిరహ్ పడినప్పుడు వాహ్వా అనేవాళ్లు లేరు, ఎందుకంటే ముడి పడినట్టే ఎవరికీ తెలియదు. ఖవ్వాలు ఏం చేస్తాడు? వేగం పెంచుతాడు. సర్గం పరిగెత్తిస్తాడు. చప్పట్లు జోరెక్కిస్తాడు. ‘భలే శక్తి ఉంది’ అంటారు విన్నవాళ్లు. వర్క్‌షాపుల్లో కూడా ఈ శక్తినే నేర్పుతారు: తాళీ ఎట్లా కొట్టాలి, గొంతు ఎట్లా ఎత్తాలి. ఎవరి కోసం ఎత్తాలన్నది పాఠంలో ఉండదు.

మాట తీసేస్తే బాణీ ఎటుపోతుందో మన సినిమాలే చూపించాయి. సెహ్వాన్‌లోని లాల్ షహబాజ్ ఖలందర్‌ని తలిచే పాట 1994లో ‘మొహ్రా’ అనే హిందీ సినిమాలో ఆడమనిషిని వస్తువు అని పిలిచే పాటగా మారింది. దేశమంతా దానికి చిందేసింది. అదే ఏడాది హాలీవుడ్ సినిమా ‘నేచురల్ బార్న్ కిల్లర్స్’లో హంతకుల కథకి నుస్రత్ గొంతు వాడుకున్నారు. ఒకచోట కామం, ఇంకోచోట హింస. ఇబాదత్ ఒక్కదానికే చోటు దొరకలేదు.

ఇక ‘సూఫీ’ అనే మాట. ఈ ముప్పై ఏళ్లలో ఈ మాటకి మార్కెట్‌లో వచ్చిన గిరాకీ అంతా ఇంతా కాదు. సూఫీ రాత్రులు, సూఫీ విందులు, సూఫీ రాక్. సూఫీ అంటే ‘మంచి ముస్లిం’ అని ఒక కొత్త అర్థం పుట్టుకొచ్చింది. మరి మిగతావాళ్లం ఎవరం? నమాజ్ చేసేవాడి గడ్డం చూసి భయపడేవాళ్లు ఖవ్వాలు గడ్డం చూసి మురిసిపోతారు. ఖవ్వాలు కూడా వేదిక దిగి నమాజ్‌కే పోతాడు. తెల్లారి కిరాయి ఇల్లు వెతుక్కోవడానికి పోతే అతని పేరు విని ఇల్లు ఖాళీ లేదంటారు. గొంతు కావాలి, పేరు వద్దు. ఇదీ మా ఫిర్యాదు.

లౌకికవాద మిత్రులకి ఇది అతిశయోక్తిగా తోస్తుందేమో. జరిగినవే చెబుతాం. ఢిల్లీలో అమీర్ ఖుస్రో పేరు మీద ‘జహాన్-ఎ-ఖుస్రో’ ఉత్సవం 2001లో మొదలైంది. ఆ మరుసటి ఏడాదే, 2002లో, గుజరాత్ మారణకాండలో అహ్మదాబాద్‌లోని వలీ దక్కనీ సమాధిని కూల్చి, దాని మీద తారురోడ్డు వేశారు. మా దక్కనీలో గజల్‌కి ప్రాణం పోసిన కవి ఆయన. వడోదరాలో ఉస్తాద్ ఫయ్యాజ్‌ఖాన్ సమాధిని ధ్వంసం చేశారు. హోలీ పాటలు పాడి బరోడా దర్బారునే మురిపించిన గాయకుడాయన. సంగీతం మనుషుల్ని కలుపుతుందని ప్రతి ఉత్సవంలోనూ చెబుతారు. కలపడానికి సంగీతం ఒక్కటే చాలితే ఫయ్యాజ్‌ఖాన్ సమాధి మిగిలి ఉండాలి.

మా లోపలి మాట కూడా చెప్పుకోవాలి. సంగీతం హరామ్ అని గుడ్డిగా తీర్పు చెప్పేవాళ్లు మాలో పెరుగుతున్నారు. దర్గాకి పోవద్దు, పీర్లు ఎత్తొద్దు, దఫ్ వాయించే ఫకీరుకి గుమ్మం ముందు నిలబడే హక్కు లేదు అంటారు. 2016లో కరాచీలో అంజద్ సాబ్రీని కాల్చి చంపారు. 2017 ఫిబ్రవరిలో సెహ్వాన్ దర్గాలో ధమాల్ జరుగుతుండగా బాంబు పేల్చి 80 మందికి పైగా పొట్టన పెట్టుకున్నారు. ఆ చనిపోయినవాళ్లూ ముస్లింలే. మార్కెట్ మా పాటలో దేవుణ్ణి తీసేస్తే, వీళ్లు మా దేవుడి దగ్గర పాటని తీసేస్తున్నారు. రెండువైపులా నష్టపోయేది ఒకరే: పాడి బతికే పేద ముస్లిం. ఆ పేద ముస్లిం మాలో కూడా పైవర్గం కాదు. మీరాసీ, ఫకీరు, దూదేకుల, సిద్దీ. పెళ్లిలో వాయించమని పిలిచి, పంక్తిలో పక్కన కూచోనివ్వని ఘనత మాలోనూ ఉంది.

నిజానికి ప్రపంచ సంగీతం వెతుక్కుంటూ లండన్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌కి వస్తే చాలు. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డుల పేరే ఆ బస్తీ పేరైంది. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులు ఇక్కడికి తెచ్చిందే మర్ఫా. 1948 తర్వాత నిజాం సైన్యం రద్దయ్యాక ఎందరికో అది బతుకుతెరువైంది. మూడు నేలల లయ మా పెళ్లి బరాత్‌ల్లో మోగుతుంటుంది. దాన్ని మేం ప్రపంచ సంగీతమని ఎన్నడూ అనలేదు. టికెట్ పెట్టలేదు. సిద్దీ పిల్లవాడికి ట్రాఫిక్‌లో మోగించే చప్పుడుగాడన్న పేరే మిగిలింది.

కోస్తాకి పోతే నాదస్వరం ఉంది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ముస్లిం ఇళ్లలో, ముఖ్యంగా దూదేకుల ఇళ్లలో, తరతరాలుగా వస్తున్న విద్య అది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. వీళ్ల గురించి రాసే ప్రతివాళ్లూ ఒక మాట రాస్తారు: ‘ముస్లిం అయినా’. ముస్లిం అయినా రాముడి కీర్తన వాయించారు. ముస్లిం అయినా గుళ్లో వాయించారు. ప్రేమగానే రాస్తారు. కానీ ఆ ‘అయినా’ మాకు ముల్లు. కరవది ముస్లింకి నాదస్వరం ‘అయినా’ కాదు, తాతముత్తాతల వృత్తి. తాను ముస్లిం కాబట్టే, ఆ ఇంట్లో పుట్టాడు కాబట్టే ఆ విద్య అతనికి దక్కింది.

బుర్రకథ నాజర్ సాబ్ ఈ సంగతి అందరికన్నా బాగా గ్రహించారు. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథకే రూపు మార్చి, 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ మనిషి తన ఆత్మకథకి పెట్టుకున్న పేరు ‘పింజారి’. లోకం తిట్టుగా వాడే మాటని పుస్తకం అట్ట మీదకి ఎక్కించారు. గొంతు కావాలంటే పేరుతో సహా తీసుకోండి అని చెప్పడమే అది.

అందుకే ప్రపంచ సంగీతపు వేదికల్ని కొలవడానికి మా దగ్గర ఒక కొలత ఉంది. ఎన్ని దేశాల వాళ్లని పిలిచారని మేం అడగం. వేదిక ఎక్కే ముందు కళాకారుడు ఏం విడిచి రావాల్సివచ్చిందని అడుగుతాం. చెప్పుల్ని విడిచాడంటే అది అదబ్. మతాన్నీ, కులాన్నీ, భాషనీ, తన పాట అర్థాన్నీ విడవాల్సివస్తే అది సంతలో సరుకు బేరం. ఇక్కడ వర్క్‌షాపు పెట్టేవాళ్లు ముందు పాఠాన్ని తెలుగులో చెప్పాలి. హమ్ద్ ఏదో, మన్‌ఖబత్ ఏదో వినేవాడికి తెలియాలి. ఖవ్వాలుకి టైము కాగితం ఇవ్వకుండా రాత్రిని ఇవ్వాలి. రికార్డు చేస్తే హక్కూ, పైసా అతని ఇంటికి చేరాలి. వీలయితే గురువారం సాయంత్రం నాంపల్లి యూసుఫైన్ దర్గాకి పోయి, ఫకీర్ల పక్కన నేల మీద కూచోవాలి. పీర్ల పండక్కి పల్లెకి పోయి, గుండం చుట్టూ తిరిగేవాళ్లలో ఎందరు మాదిగలు, ఎందరు గొల్లలు, ఎందరు ముస్లింలు ఉన్నారో చూడాలి. ఆ డప్పు ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి.

మేం రెండు భాషల్లో బతుకుతున్నవాళ్లం. ఉర్దూలో ‘హమ్’ అంటే ఎదుటివాడు అందులో ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. తెలుగు అట్లా ఊరుకోదు. ‘మేం’ అంటావా, ‘మనం’ అంటావా, తేల్చుకోమంటుంది. ప్రపంచ సంగీతపు ఉపన్యాసాలన్నీ ‘మనం’తో మొదలవుతాయి. ఆ మాట మాకూ ఇష్టమే. మా పేరూ, మా పాట అర్థమూ చెరిపెయ్యకుండా ఆ ‘మనం’లో చోటిస్తే వస్తాం. అందాకా ఈ వ్యాసంలోలాగే ‘మేం’ అనే రాస్తాం.